మునిగే ఓడ మీద వాకబు

పెళ్లి సంబంధం వస్తే అబ్బాయి గురించి వాకబు చేస్తారు. తాగుతాడా, పేకాడతాడా, తల్లి నోరెలాంటిది, ఇంతకు ముందు ఎక్కడన్నా మాట ఇచ్చి తప్పారా, ఇవన్నీ ఆ ఊరివాళ్ళను ఎవరినో ఒకరిని పట్టుకుని కనుక్కుంటారు. మా అక్క కూతురి విషయంలో మాత్రం మేము భారతదేశం మీద వాకబు చేశాం. రష్యా దగ్గర అది సబ్‌మెరీను కొన్నదా లేదా అని. ఆ వాకబు చేసింది నేనే. ఎంత శ్రద్ధగా చేశానో కూడా నాకే తెలుసు. ఇంకెవరో చెప్పి నవ్వేలోపల నేనే రాసి పెడుతున్నాను.

ప్రత్యేకాంధ్ర గొడవలు చల్లారి బస్సులు మళ్లీ సరిగా తిరుగుతున్న రోజులవి. నేను బెజవాడ కృష్ణలంకలో ఒక గది అద్దెకు తీసుకుని, ఆడపిల్లల బళ్లో ఆయాగా చేస్తుండేదాన్ని. మా ఆయన పోయి అప్పటికి చాలా ఏళ్లయింది. పిల్లలు లేరు. మా అక్క కూతురు నర్సు ట్రైనింగుకని బెజవాడ వచ్చి, సెలవు దొరికినప్పుడల్లా నా గదికి వచ్చేది. “బళ్లో పని చేస్తా అక్షరం ముక్క రాకపోతే ఎట్టా పిన్నీ?” అని, నలభై దాటిన నా చేత పలక పట్టించింది ఆ పిల్లే. దాని ట్రైనింగు పూర్తయ్యేసరికి నేను పేపరు చదవగలిగాను. వేలు కింద పెట్టుకుని, పెదవులు కదుపుకుంటూ, ఒక వార్తకి ఒక పూట పట్టేది. అయినా చదివేదాన్ని.

ట్రైనింగు అవగానే దానికి ఆసుపత్రిలో ఉద్యోగం వచ్చింది. పర్మనెంటు అయిన నెలలోనే ఈ సంబంధం కూడా వచ్చింది.

మా అక్కావాళ్ళది హనుమాన్ జంక్షన్‌కి నాలుగైదు మైళ్ల లోపల ఊరు. మా బావ నాట్లకీ కోతలకీ మనుషులను కూడగట్టే మేస్త్రీ. చర్చిలో సంఘపెద్ద. అబ్బాయి తరఫువాళ్ళు గుడివాడ అవతల. చూపులకి నేనూ వెళ్లాను. అబ్బాయి తెల్ల ప్యాంటు, తెల్ల చొక్కా, నల్ల కళ్ళద్దాలతో వచ్చాడు. చెవిలో దూది ముక్క. మా బావ నా పక్కకి వంగి, “అత్తరు దూది. దర్జా చూశావా?” అన్నాడు.

“విశాఖపట్నంలో నేవీ అన్నారు. ఓడ మీదనా బాబూ?” అని అడిగాడు బావ.

“మామూలు ఓడ కాదండి మావయ్యగారూ. సబ్‌మెరీను. రష్యా నుంచి కొత్తగా తెప్పించింది. నీళ్ల అడుగున పోద్ది.”

“అడుగునంటే?”

“అడుగునేనండి. పైకి కనపడదు.”

“లోపల నీ పనేంటి బాబూ?”

“అది చెప్పకూడదండి. దేశ రహస్యం.”

బావ వెన్ను నిటారుగా పెట్టి కూర్చున్నాడు. దేశ రహస్యం తన ఇంటి పీట మీద కూర్చుని ఉప్మా తింటోందంటే మాటలా మరి. బస ఎక్కడ అని అడిగితే అదీ రహస్యమే. ఎన్నాళ్లకోసారి ఇంటికొస్తాడంటే, అది బయటపడితే శత్రువు కాచుకుని ఉంటాడన్నాడు. ఉప్మాలో ఉప్పు తక్కువైన సంగతి ఒక్కటే రహస్యం లేకుండా చెప్పాడు.

చివర్లో అబ్బాయి తండ్రి గొంతు సవరించుకున్నాడు. “ఒక్క మాటండి. పెళ్లయ్యాక అమ్మాయి ఉద్యోగం మానెయ్యాలి. నేవీవాళ్ళ ఆడవాళ్ళు బయట నలుగురిలో పని చేస్తే రహస్యాలు పొక్కుతాయంట.”

ఆ పిల్ల నా వంక చూసింది. మూడేళ్లు రాత్రనక పగలనక చదివి తెచ్చుకున్న ఉద్యోగం. నేను బావ వంక చూశాను. బావ అప్పటికే తల ఊపేశాడు. మూడో ప్రకటన పడ్డ మర్నాడే రాజీనామా ఇచ్చెయ్యాలని ఒప్పందం.

ప్రకటనలంటే, మాలో పెళ్లికి ముందు వరసగా మూడు ఆదివారాలు చర్చిలో అయ్యగారు వధూవరుల పేర్లు చదివి, ఈ వివాహానికి అభ్యంతరం ఉన్నవాళ్ళెవరైనా ఉంటే చెప్పమంటారు. ఎవరూ చెప్పరు. నా ఎరికలో ఎవరూ చెప్పగా వినలేదు. చదవడం అయ్యగారి పని, దగ్గడం జనం పని.

సంబంధం కుదిరిందని ఊరంతా తెలిసిన రోజునే మా అక్క తోటికోడలు బావి దగ్గర అందరిముందూ అనేసింది. “ముణిగే ఓడని ఎవరన్నా కొనుక్కుంటారా? కొల్లేట్లో ముణిగిన పడవలు బోలెడున్నాయి. ఊరికే తీసుకెళ్లమనండి మీ రష్యావాణ్ణి.”

ఆ మాటకి బావకి రెండు రోజులు అన్నం సయించలేదు. మూడో రోజు బస్సెక్కి నా గదికి వచ్చాడు.

“దాని నోరు మూయించాలి మరదలా. మన దేశం ఆ ఓడ కొన్నదని రాతలో చూపించాలి. నీకు చదువొచ్చుగా, తేల్చిపెట్టు.”

“నేనెట్టా తేలుస్తాను బావా? అది ఢిల్లీ సంగతి.”

“పేపర్లో వచ్చి ఉంటది. రాకుండా ఎక్కడికి పోద్ది? ఆదివారం మొదటి ప్రకటన. ఆ లోపల నాకు చెప్పాలి.”

నన్ను చదువుకున్నదానిగా లెక్కవేసి ఒకరు ఒక పని అప్పగించడం అదే మొదలు. నాకు ఒళ్లు తెలియలేదు. అబ్బాయి గురించి ఎవరినన్నా అడిగావా అని బావను అడగాలని నాకు తట్టనే లేదు.

ముందు మా వీధి చివర ఉండే రిటైరైన హవల్దారుగారి దగ్గరికి వెళ్లాను. ఆయన వాకిట్లో మడతకుర్చీలో కూర్చుని ఉన్నాడు. “నీళ్ల సంగతి నాకు తెలవదమ్మా, నేను నేల మీది మనిషిని” అని మొదలుపెట్టి, గంటసేపు నీళ్ల సంగతే చెప్పాడు.

“కొన్నారు. బోలెడు కొన్నారు. ఒకటి మన బ్యారేజీ దాకా వచ్చి చూసుకుని పోయింది కూడా. ఎవరికీ కనపడలా.”

“కనపడకపోతే మీకెట్టా తెలిసిందండీ?”

“కనపడలేదు కాబట్టే తెలిసింది. కనపడితే అది సబ్‌మెరీను ఎట్టవుద్ది?”

ఆ మాటతో లేచి గ్రంథాలయానికి వెళ్లాను.

అక్కడి గుమస్తాగారు సన్నగా, కళ్ళజోడుతో, ఎప్పుడూ ఏదో ఒక పుస్తకానికి అట్ట వేస్తూ ఉండేవాడు. సబ్‌మెరీను వార్తలు కావాలంటే కళ్ళజోడు పైనుంచి నన్ను చూశాడు. “ఏమ్మా, కొందామనా?” అన్నాడు. మా పిల్ల పెళ్లి సంగతి చెప్పాను. ఆయన ఇంకేం మాట్లాడకుండా నిచ్చెనెక్కి పురికొసతో కట్టిన పాత పేపర్ల కట్టలు దించాడు. మొదటి కట్ట విప్పగానే ముక్కు నిండా దుమ్ము.

మొదటి రోజు సాయంత్రానికే దొరికింది. సబ్‌మెరీన్ల కొనుగోలు అని ఉంది. గుండ్రటి అక్షరాలతో మొత్తం నోటుబుక్కులో ఎక్కించి, గర్వంగా గుమస్తాగారికి చూపించాను. ఆయన నా పుస్తకం చూడలేదు. పేపరు తీసుకుని చూశాడు.

“అమ్మా, ఇవి మనవి కావు. పక్క దేశం వాళ్ళవి. ఫ్రాన్సు దగ్గర వాళ్ళు కొన్నారు.”

“మనవి కాదా అండీ?”

“మనల్ని ముంచడానికి కొన్నవి. అల్లుణ్ణి వాటిలో ఎక్కిస్తారా?”

ఆ పేజీ చింపేశాను. అప్పుడాయన ఎదురుగా కూర్చుని నాకు పేపరు చదవడం మళ్లీ నేర్పాడు. ముందు ఏ రోజు పేపరో చూడమన్నాడు. వార్త మొదట్లో ఏ ఊరి పేరు వేశారో చూడమన్నాడు. “తర్వాత, ఎవరు చెప్పారో చూడండి. ‘తెలియవచ్చింది’ అని రాస్తారు. ఎవరికి తెలియవచ్చింది? ఎవరు చెబితే తెలియవచ్చింది? అది రాయరు. అలాంటివి పక్కన పెట్టండి. మంత్రి సభలో లేచి చెప్పాడని ఉంటే అది రాసుకోండి. ఒక పేపర్లో చూసింది ఇంకో పేపర్లో కూడా ఉందో లేదో చూడండి.”

బడి అయిపోయాక నాలుగు సాయంత్రాలు ఆ బల్ల దగ్గరే కూర్చున్నాను. తెలియవచ్చినవి ఎన్నో. ఒకరికి ఇన్ని అని తెలియవచ్చింది, ఇంకొకరికి అన్ని అని తెలియవచ్చింది. మంత్రిగారు సభలో చెప్పింది కూడా దొరికింది. కొన్నామని ఒప్పుకుని, మిగతాది దేశ భద్రత దృష్ట్యా చెప్పలేనని కూర్చున్నారట. మంత్రిగారూ మా పెళ్లికొడుకూ ఒకే బళ్లో చదువుకున్నారేమో అనుకున్నాను. కానీ రష్యా నుంచి కొన్నమాట వాస్తవం, విశాఖపట్నం రేవులో ఉన్నమాట వాస్తవం. అది మూడు పేపర్లలో కలిసింది. ఒకదాంట్లో ఫోటో కూడా వేశారు. చెరువులో పడుకున్న గేదె వీపులా నల్లగా నీళ్లలోంచి లేచి ఉంది. దాని మీద తెల్ల బట్టల్లో మనుషులు వరసగా నిలబడి ఉన్నారు.

గుమస్తాగారు ఆ ఫోటో ఉన్న పాత పేపరు నన్ను తీసుకెళ్లనిచ్చాడు. వారంలో తెచ్చిస్తానని సంతకం చేశాను. నా సంతకం పెట్టి తెచ్చుకున్న మొదటి వస్తువు మన దేశపు సబ్‌మెరీను.

ఆదివారం పొద్దున చర్చి మొదలయ్యే ముందు బావ అందరినీ అరుగు దగ్గర పోగు చేశాడు. నన్ను చదవమన్నాడు. తారీఖు చదివాను. ఊరి పేరు చదివాను. మంత్రిగారు చెప్పింది చదివాను. మగవాళ్ళు నోళ్లు తెరుచుకుని విన్నారు. ఫోటో చేతులు మారింది. తోటికోడలు దాన్ని దగ్గరగా పెట్టుకుని చాలాసేపు చూసింది.

“వీళ్ళలో మన పిల్లోడు ఎవరు?” అంది.

“లోపలుండేవాడు ఫోటోలో ఎట్టా పడతాడే?” అన్నాడు బావ. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నాలుగు సాయంత్రాలు కూర్చుని నేను అడగని ప్రశ్న, ఆ అరుగు దగ్గర నిలబడి ఆవిడ అడిగింది. దానికి మేం నవ్విన నవ్వు తలుచుకుంటే ఇప్పుడు నాకు ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియదు.

మొదటి ప్రకటన పడింది. జనం దగ్గారు.

డ్యూటీ వల్ల పిల్ల ఆ రోజు రాలేదు. సోమవారం సాయంత్రం నా గదికి వచ్చింది. నేను వాకబు చేసిన వైనమంతా చెప్పి, పేపరు ముందు పరిచాను. అది ఓపిగ్గా మొత్తం చదివింది. మడిచి నా చేతికిచ్చింది.

“ఓడ ఉంది పిన్నీ. బాగుంది. ఆయన దాంట్లో ఉన్నాడని ఎవరు చెప్పారు?”

“అబ్బాయి చెప్పాడు, వాళ్ళ నాన్నా అవునన్నాడు గదే.”

“వాళ్ళ నాన్నకి ఎవరు చెప్పారు?”

“అబ్బాయే చెప్పుంటాడు.”

“అంటే తెలియవచ్చింది అన్నమాట.”

నేను చెప్పిన పాఠం అరనిమిషంలో నాకే అప్పజెప్పింది.

“ఇంకోటి. చూపులకి వచ్చిన రోజు చెవిలో దూది చూశావా?”

“అత్తరు దూది.”

“అత్తరు కాదు, చీము. దగ్గరికెళ్లి కాఫీ ఇచ్చినప్పుడు వాసన వచ్చింది. నాకు రోజూ అదే పని పిన్నీ. చెవిలోంచి చీము కారేవాణ్ణి నీళ్ల అడుగుకి పంపిస్తారా? మామూలు సిపాయి ఉద్యోగానికే చెవులు, కళ్ళు, పాదాలు అన్నీ చూసి తీసుకుంటారు.”

“మరి ఆ రోజే చెప్పొచ్చుగా?”

“చెప్పాను. అత్తరేలే, నోర్ముయ్యి అన్నాడు నాన్న. దేశం కొన్న ఓడకి వంక పెడతావా అన్నాడు.” నా వైపు తిరిగి, “ఆయన ఏ పని చేస్తే నాకేం? రాజీనామా కాగితం ఇచ్చాక తెలిస్తే మళ్లీ ఉద్యోగం ఎవరిస్తారు?” అంది.

ఆ రాత్రే ఉత్తరం రాయడానికి కూర్చున్నాను. ఆ పిల్లతో చదివిన అమ్మాయి ఒకతె విశాఖపట్నంలో నర్సు. అబ్బాయి అక్కడ ఏ చర్చికి వెళ్తాడని వాళ్ళ నాన్న చెప్పాడో ఆ చర్చి అయ్యగారి చిరునామా ఆమెకి రాసి పిల్ల ముందే తెప్పించుకుంది. నా జన్మలో నేను రాసిన మొదటి ఉత్తరం అది. నాలుగు కవర్లు పాడుచేశాను. మన దేశం కొన్న ఓడ గురించి నాకు తెలుసుననీ, దాన్ని గురించి వివరించనక్కర్లేదనీ, అబ్బాయి గురించి మాత్రం చెప్పమనీ రాశాను.

రెండో ప్రకటన కూడా పడ్డాక, బుధవారం జవాబు వచ్చింది. అయ్యగారు మర్యాదగా రాశారు. అబ్బాయి తెలుసు. చెడ్డవాడు కాదు. క్రిస్మస్‌కి చర్చికి వస్తాడు. రేవులోకి కూరగాయలు సరఫరా చేసే కంట్రాక్టరు దగ్గర పని చేస్తున్నాడు. బండి తోలుకుని గేటు దాకా వెళ్తాడు. గేటు లోపలికి వెళ్లడానికి వీల్లేదని తనే ఒకసారి చెప్పాడు.

శనివారం ఆ ఉత్తరం తీసుకుని నేనూ పిల్లా ఊరెళ్లాం. అక్క వింటూ ఏడ్చింది. బావ నా చేత రెండుసార్లు చదివించుకున్నాడు. తర్వాత చాలాసేపు గడ్డం గోక్కున్నాడు.

“అయితే ఆ కూరగాయలు దాంట్లోకే పోతాయిగా?”

“ఏంటి నాన్నా?”

“ఆ ముణిగే ఓడలో వాళ్ళు తినేది ఇతను తెచ్చిన కూరలేగా అంటున్నాను. అంటే సంబంధం లేదనడానికి లేదు.”

“దొండకాయలకి ఉందేమో సంబంధం. ఆయనకి లేదు.”

“నువ్వు వేళాకోళం ఆడమాక. రెండు ప్రకటనలు పడ్డాయి. ఓడ నిజమని నేనే అందరిముందూ చదివించాను. ఇప్పుడు కాదంటే ఊళ్లో తలెట్టా ఎత్తను?”

“ఓడ నిజమే నాన్నా. కాదని ఎవరన్నారు?”

“అదే నేననేది! ఓడ నిజమైనప్పుడు ఇంకా ఏంటి గొడవ?”

ఆయన్ను ఆ ఓడలోంచి దింపడం మా వల్ల కాలేదు. అబ్బాయికి అబద్ధం ఆడాల్సిన అవసరం ఎందుకొచ్చిందో నేను ఆలోచించకపోలేదు. కూరల బండి తోలతానంటే మా బావ ఉప్మా పెట్టేవాడే కాదు. పీట కూడా వేసేవాడు కాదు. అతను నీళ్ల కింద దాక్కున్నది శత్రువులకి భయపడి కాదు, మామగార్లకి భయపడి. అది తెలిసినా, దాని మూల్యం నా పిల్ల ఉద్యోగం కావాలంటే నేను ఒప్పుకోలేను.

ఆదివారం చర్చిలో ఆడవాళ్ళ వైపు చాప మీద పిల్ల నా పక్కనే కూర్చుంది. పాటలయ్యాయి. వాక్యం అయ్యింది. అయ్యగారు పుస్తకం తెరిచి మూడోసారి పేర్లు చదివారు. “ఈ ఇరువురి వివాహమునకు అభ్యంతరమేదైనను ఎరిగినవారు ఇప్పుడే తెలియజేయవలెను” అని, అలవాటుగా పుస్తకం మూసేయబోయారు.

పక్కన చాప కదిలింది. పిల్ల లేచి నిలబడింది.

“నాకుందండీ అయ్యగారూ.”

దగ్గబోయినవాళ్ళు దగ్గు మింగేశారు. అయ్యగారు కళ్ళజోడు సవరించుకున్నారు. “ఎవరి వివాహానికమ్మా?”

“నా వివాహానికేనండీ.”

అయ్యగారు మళ్లీ పుస్తకం తెరిచారు. ఒక పేజీ వెనక్కి తిప్పారు, రెండు పేజీలు ముందుకు తిప్పారు. వేరే పెళ్లాం ఉంటే ఏం చెయ్యాలో అందులో ఉంది. వావి తప్పితే ఏం చెయ్యాలో ఉంది. పెళ్లికూతురే లేచి నిలబడితే ఏం చెయ్యాలో పుస్తకం రాసిన దొరలకి తట్టినట్టు లేదు.

“కారణం ఏంటమ్మా?” అన్నారు చివరికి.

“ఆయన చెప్పిన ఉద్యోగం ఆయన చెయ్యడం లేదండి. విశాఖపట్నం అయ్యగారు ఉత్తరం రాశారు. ఆ ఉద్యోగం పేరు చెప్పి నా ఉద్యోగం మానమన్నారండి. నేను మాననండి.”

ఎక్కడా ఆగకుండా చెప్పింది. నేను ఉత్తరం తీసుకెళ్లి అయ్యగారికి ఇచ్చాను. ఆయన నిలబడే చదువుకుని, మడిచి పుస్తకంలో పెట్టుకుని, “ఈ ప్రకటన నిలిపివేయడమైనది” అన్నారు. ఆ మాట కూడా పుస్తకంలో లేనిదే. మా బావ మగవాళ్ళ వైపు తల వంచుకుని కూర్చున్నాడు.

మేం బయటికి వచ్చేసరికి తోటికోడలు చర్చి మెట్ల మీద ప్రసంగం మొదలుపెట్టేసింది. “నేనప్పుడే చెప్పలా? ముణిగే ఓడ ఎవడన్నా కొంటాడా అని! అంతా అబద్ధం. ఓడా లేదు, గీడా లేదు. ఆ పేపర్లోది గేదె.”

“గేదేనా?” అన్నారెవరో.

“గేదె కాకపోతే? నేను దగ్గరగా చూశానుగా.”

పది నిమిషాల్లో ఊరంతా ఒక మాట మీదికి వచ్చింది. పెళ్లి చెడిపోయింది కాబట్టి మన దేశం సబ్‌మెరీను కొనలేదు. మొదట ఓడ నిజం కాబట్టి అబ్బాయి నిజమన్నారు, ఇప్పుడు అబ్బాయి అబద్ధం కాబట్టి ఓడ అబద్ధమన్నారు. మంత్రిగారూ సభా మూడు పేపర్లూ ఒక్క దెబ్బకి కొట్టుకుపోయాయి.

భోజనానికి కూడా ఆగకుండా నేనూ పిల్లా బండి మాట్లాడుకుని జంక్షన్‌కి వచ్చేశాం. బెజవాడ బస్సు కోసం సోడా కొట్టు నీడలో నిలబడ్డాం. పిల్ల చీర కొంగు వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ ఉంది. బస్సు దూరంగా కనపడేసరికి, వెనకనుంచి సైకిలు బెల్లు కొట్టుకుంటూ బావ వచ్చాడు. చొక్కా చెమటకి ఒంటికంటుకుపోయింది.

తిడతాడనుకున్నాను. పిల్ల కూడా అదే అనుకుని ఒకడుగు ముందుకేసి నిలబడింది.

“వెళ్తున్నావా?” అన్నాడు.

“రేపు పొద్దున డ్యూటీ నాన్నా.”

“వెళ్లు. ఉద్యోగం పోగొట్టుకోమాక.” ఆయాసం తీర్చుకుని నా వైపు తిరిగాడు. “మరదలా, ఊళ్లో అందరూ ఓడ అబద్ధమంటున్నారు. అది గేదెంట. పెళ్లి పోతే పోయింది. ఓడ మాత్రం నిజమేనని ఒక్కసారి వచ్చి చెప్పి పో.”

“బస్సొచ్చేసింది బావా.”

“తర్వాతి బస్సుకి పో. నేను చెప్తే నమ్మట్లా.”

పిల్ల నా చెయ్యి పట్టుకుని ఎక్కించేసింది. కిటికీ పక్కన చోటు దొరికింది. బావ సైకిలు ఒక చేత్తో పట్టుకుని, రెండో చేత్తో కిటికీ చువ్వ పట్టుకున్నాడు.

“నిజమే బావా, ఓడ నిజమే” అన్నాను.

“నాకు చెప్తే ఏం లాభం? నాకు తెలుసుగా!” అని, బస్సు కదిలేదాకా ఆ చువ్వ వదల్లేదు.